ఏసీ హోరులోనూ మన పాట

దుబాయ్ సోనాపూర్ క్యాంపుల్లో పాటకు కొదవ లేదు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చినోళ్లలో పదం కట్టి పాడేటోళ్లు చాలామందే ఉన్నారు. చిక్కల్లా ఏసీతోనే! ఎండాకాలం దాన్ని ఆపలేం. ఆపకుంటే రికార్డింగంతా హోరే. స్టూడియోకు పోదామంటే దిర్హమ్‌లు లెక్కపెట్టాలి.

అందుకే మేం ఆడాసిటీ పట్టుకున్నాం. 2000లో వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. పాటకు ముందు నాలుగైదు సెకన్లు గదిలో అందరం గప్‌చుప్. రికార్డయ్యాక ఆ ముక్కను సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో 'నాయిస్ రిడక్షన్' తెరిచి 'గెట్ నాయిస్ ప్రొఫైల్' నొక్కుతాం. 'ఏసీ చప్పుడు ఇదీ' అని కంప్యూటర్‌కు చూపించడమన్నమాట. తర్వాత కంట్రోల్-ఏతో పాటంతా సెలెక్ట్ చేసి, మళ్లీ అదే కమాండ్ తెరిచి ఓకే కొడితే హోరు తగ్గుతుంది. మరీ ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. అప్పుడు కంట్రోల్-జడ్‌తో వెనక్కి వచ్చి, కాస్త తక్కువ పెట్టుకోవాలి.

ఇంకొక్క మాట. 'సేవ్ ప్రాజెక్ట్' మళ్లీ దిద్దుకోవడానికే. ఆ ఫైలు ఊళ్లో అమ్మ ఫోన్లో తెరుచుకోదు. ఫైల్ మెనూలో 'ఎక్స్‌పోర్ట్' కొట్టి ఎంపీ3 చేశాకే వాట్సాప్‌లో పంపండి. బతుకమ్మకు లీవు దొరక్కపోయినా, మన గొంతయినా ఇంటికి చేరాలి కదా!