పిన్ని అడిగిన రెండు ప్రశ్నలు

"అమ్మలూ, పుట్టబోయే బిడ్డని నేను ఎత్తుకోవచ్చా?"

అమెరికాలో ఉన్న కూతురికి పురుడు పోయడానికి బయలుదేరే ముందు మా పిన్ని ఫోనులో అడిగిన మాట ఇది. 15 ఏళ్ళ క్రితం బాబాయి పోయాక తనకీ హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. అప్పటికే ఆలస్యమైంది, సీడీ4 కణాలు బాగా పడిపోయాయి. మన దేశంలో ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా ఇస్తున్న ఏఆర్‌టీ మాత్రలు ఆనాటి నుంచి ఒక్కరోజు కూడా మానలేదు. నేనిక్కడ రోగనిరోధక శక్తి మీద పనిచేసే ల్యాబులో ఉద్యోగిని కనుక నన్నడిగింది. ఆమె ఒప్పుకున్నాకే, పేరూ ఊరూ లేకుండా రాస్తున్నాను.

"ఎత్తుకో, ముద్దుపెట్టుకో, నీళ్ళు పొయ్యి. తాకితే అంటుకునే జబ్బు కాదిది" అన్నాను.

కాసేపాగి రెండోది అడిగింది. "హెపటైటిస్ బి టీకా అన్ని డోసులూ వేయించుకున్నా. రక్తంలో యాంటీబాడీలు చాల్లేదంటున్నారు. ఎందుకే?"

యాంటీబాడీలను తయారుచేసేవి బి కణాలు. హెచ్‌ఐవీ ముఖ్యంగా దాడి చేసేది వాటి మీద కాదు, సీడీ4 టి కణాల మీద. కానీ లింఫు గ్రంథుల్లో బి కణాలకు దారి చూపేది ఆ టి కణాలే. పెళ్ళింట్లో వంటవాళ్ళున్నారు, పొయ్యిలు వెలుగుతున్నాయి, పురమాయించే పెద్దమనిషే లేడు. గుండిగలు నిండుతాయి, విస్తట్లోకి కావలసింది మాత్రం ఉండదు. మందులు వాడనివాళ్ళ రక్తంలోనూ అంతే. మొత్తం యాంటీబాడీలు మామూలుకంటే ఎక్కువే ఉంటాయి, పనికొచ్చేవి తక్కువ.

పాత క్రిములను గుర్తుపెట్టుకునే జ్ఞాపక బి కణాలు కూడా తగ్గిపోతాయి. మిగిలినవాటిలో కొన్ని అలిసిపోయి సరిగ్గా స్పందించవని అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో సూసన్ మోయర్, ఆంథనీ ఫౌచీల బృందం 2008లో చూపించింది. మందులతో చాలావరకు కోలుకుంటాయి. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళలో ఆ జ్ఞాపకం పూర్తిగా తిరిగిరాదు. పిన్ని తప్పేమీ లేదు.

అందుకే హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు టీకా వేయించుకుని ఊరుకోకూడదు. హెపటైటిస్ బి చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించుకోవాలి. యాంటీబాడీలు 10 యూనిట్ల లోపుంటే డాక్టరు మళ్ళీ టీకాలు వేస్తారు. ఫ్లూ టీకా ఏటా సూదిమందుగానే తీసుకోవాలి, ముక్కులో కొట్టేది వద్దు. సీడీ4 సంఖ్య 200 లోపుంటే తట్టు, ఆటలమ్మ టీకాల వంటి బతికున్న క్రిములతో చేసినవి వేయించుకోకూడదు. పసిబిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళేముందు కోరింతదగ్గు టీకా ఎవరికైనా అవసరమే.

పిన్ని రెండో విడత టీకాలు మొదలుపెట్టి విమానమెక్కింది. ఇన్నేళ్ళూ కూతురి దగ్గర దాచిన మాట, వచ్చిన రోజు రాత్రే తనే చెప్పిందట. కూతురు చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. నెల తిరక్కుండా బిడ్డ పుట్టాడు. వాణ్ణి మొదట పెట్టింది అమ్మమ్మ ఒళ్ళోనే.