పాత గిటారుకు మళ్లీ రంగు

పాత ఎలక్ట్రిక్ గిటారు ఎవరు తెచ్చినా నా మొదటి మాట ఒకటే: రంగు జోలికి పోకండి. పెచ్చులు లేచినా, మోచెయ్యి ఒరిసిన చోట కర్ర బయటపడినా, ఫ్యాక్టరీ పూతైతే ఉండనివ్వండి. మళ్లీ రంగు వేయిస్తే ధర సగానికి పడిపోవడం మామూలు. డబ్బు మాట అటుంచినా, గీకేసిన పూత మళ్లీ రాదు.

ఇప్పుడు నా బల్ల మీదున్న 1962 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ సంగతి వేరు. ఎవరో ఎప్పుడో అసలు పూత గీకేసి, నల్ల పాలియురేథేన్ మందంగా పట్టించారు. మెడ బిగించే గూట్లో మాత్రం కాస్త పసుపు మిగిలింది. అంటే ఇది సన్‌బర్స్ట్: నడుమ పసుపు, అంచులకు పోయేకొద్దీ ఎరుపు, నలుపు. చిన్న మేకు గుంతలూ కనిపించాయి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ ఫ్యాక్టరీలో అప్పట్లో బాడీకి మేకులు కొట్టి, తడి రంగు బల్లకు అంటకుండా వాటి మీద ఆరబెట్టేవారు. ఆ గుంతలు పూడ్చను, అవి దాని వయసుకు సాక్ష్యం.

నలుపును హీట్ గన్‌తో మెత్తబరిచి లేపాను. పాత నైట్రోసెల్యులోజ్ లాకర్ ఉన్న గిటారు మీద ఈ పని చేయకండి, అది ఇట్టే అంటుకుంటుంది. తర్వాత ఉప్పుకాగితం, చేత్తోనే. పొట్టకు ఆనే వంపు దగ్గర నాలుగు రుద్దులు ఎక్కువైతే లియో ఫెండర్ కంపెనీ 1954లో తెచ్చిన ఆకారమే పోతుంది. ఇది ఆల్డర్ కర్ర, లప్పం అక్కర్లేదు. 1956కు ముందు ఎక్కువగా వాడిన యాష్ అయితే రంధ్రాలు నింపక తప్పదు.

పాలియురేథేన్ గట్టిదే. అయినా నేను నైట్రో లాకరే వేస్తాను. కొత్త పూత కింది పూతను కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది కాబట్టి, రేపు పెచ్చు ఊడినా అతుకు తెలియకుండా సరిచేయొచ్చు. పల్చగా, కోటు మీద కోటు కొట్టాలి. ముసురు రోజున కొడితే తేమకు పాలలా తెల్లబడుతుంది. మాస్కు లేకుండా అసలు ముట్టుకోకూడదు. సాల్వెంట్ వాసన పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. అప్పుడే నీళ్లతో వెయ్యి నంబరు నుంచి రెండువేల నంబరు కాగితం దాకా రుద్ది పాలిష్ పెట్టాలి.

గీతలు పెట్టి పాతదానిలా చేయమని కొందరు అడుగుతారు. చేయను. పిక్‌గార్డ్ కింద మాత్రం ‘మళ్లీ రంగు వేసినది’ అని, సంవత్సరం, వాడిన లాకర్ పేరు రాసి ఇస్తాను. రేపు కొనేవాళ్లకు అది తెలియాలి.