ఘాట్ రోడ్డుపై వాకీటాకీ

చిత్తూరునుండియో చెన్నైనుండియో యాత్రికులతో నిండిన మూడు నాలుగు వ్యానులు వరుసగా తిరుమలకు బయలుదేరినపుడు, వెనుకబడిన బండి యేదో, ముందుది ఎచ్చట ఆగెనో తెలిసికొనుటకై కొందరు డ్రైవర్లు వాకీటాకీ చేతబట్టుదురు. మరికొందరు ఫోనులోనే బొత్తామొత్తి మాటలాడు యాపును ఆశ్రయింతురు. ‘ఇది ఫోను కాదుగదా’ యని వారి ధీమా.

ఆ ధీమాకు చట్టమున ఆధారము లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 184వ సెక్షనునకు 2019 సవరణవలన చేరిన వివరణ, ఫోను పేరే యెత్తక, బండి నడుపుచు చేతబట్టు సమాచార సాధనమును వాడుటనే ప్రమాదకరమైన డ్రైవింగుగా పరిగణించినది. తొలి నేరమునకు ఆరు మాసములనుండి సంవత్సరమువరకు జైలు, లేదా 1,000 నుండి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండును. 2020 అక్టోబరునుండి దారి చూచుకొనుటకు మాత్రము, అదియును ఏకాగ్రత చెదరనంతవరకే, సడలింపు కలదు. 2003లో బ్రిటను చేతిఫోనును నిషేధించుచు వాకీటాకీవంటి రేడియోలను విడిచిపెట్టినది. మన సెక్షనులో అట్టి మినహాయింపు లేదు. లేకుండుటయే మేలని నా నిశ్చితాభిప్రాయము. 446 మెగాహెర్ట్‌జ్ ప్రాంతమున పనిచేయు అల్పశక్తి సెట్లకు లైసెన్సు అక్కరలేదన్నంత మాత్రమున, వానిని నడుపుచు వాడుటకు అనుమతి దొరకినట్లు తలపరాదు.

చేయి ఖాళీగా నున్నను చిక్కు తీరదు. యూటా విశ్వవిద్యాలయమున డేవిడ్ స్ట్రేయర్, విలియం జాన్‌స్టన్ 2001లో ప్రకటించిన ప్రయోగములలో, ఫోను చేతబట్టినవారును పట్టనివారును సంభాషణలో మునిగి సంకేతములను ఒకేరీతిగా విస్మరించిరి. ఊరక రేడియో వినినవారికి ఆ లోపము కలుగలేదు. తరువాతి పరిశోధనలో తేలిన విషయము మన కొండదారికి మరింత వర్తించును: ప్రక్కన కూర్చున్నవాడు రోడ్డును తానును చూచుచుండుటచే, కష్టమైన చోట మాటను దానికి తగినట్లు మలచుకొనును. తిరుపతి ఆఫీసునుండి బొత్తామొత్తు ట్రావెల్స్ యజమానికి ఆ మలుపు కానరాదు. అతని గొంతు మాత్రము, ఎత్తుదమా వద్దా యను విచక్షణకైన తావీయక, నేరుగా బండిలో మ్రోగును. ఒకరు ముగించినగాని రెండవవారు పలుకజాలని సాధనమగుటచే, డ్రైవరు తన వంతుకై చెవియొగ్గి, వ్రేలు సిద్ధముగా నుంచుకొనవలయును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున ఒక్క సెకండులో ఎనిమిది మీటర్ల దారి గడచిపోవును.

కొండ యెక్కుటకు 28, దిగుటకు 40 నిమిషములకు తక్కువ పట్టరాదని దేవస్థానమువారు విధించియున్నారు. సెట్టును క్లీనరునకో గైడునకో అప్పగించి, యజమానులును ఆ కొద్ది సేపు డ్రైవరును పిలువకుండ ఓపిక పట్టవలయును. కబురు అంత అవసరమైనచో ప్రక్కనున్నవాడే అందుకొని బదులు చెప్పును.