పొలుసు పురుగుకు ఆ పేరెందుకు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తోటల్లో మామిడి, జామ ఆకుల్ని తిప్పి చూస్తే ఒక్కోసారి ఈనెల వెంట చిన్న చిన్న బొడిపెలు కనిపిస్తాయి. కాళ్లూ రెక్కలూ ఉన్నట్టుండవు, కదలికా ఉండదు. మచ్చలనుకుంటాం కానీ అవి పురుగులే. చేప ఒంటికి పొలుసులా ఆకుకు అతుక్కుని ఉంటాయి కనుక ఆ పేరు.

మరి వీటిలో కొన్నిటిని 'మెత్తని' పొలుసు పురుగులని ఎందుకంటారు? గట్టి రకం పురుగు మైనంతోనూ, తాను విడిచిన చర్మంతోనూ పైన ఒక డిప్ప కట్టుకుంటుంది. సూదితో లేపితే డిప్ప ఊడివస్తుంది, పురుగు ఆకుమీదే ఉంటుంది. మెత్తని రకానికి విడి డిప్ప లేదు, దాని వీపే పొలుసు. ఈ కుటుంబం శాస్త్రనామం కాక్సిడే. 'గింజ' అనే అర్థమున్న గ్రీకు మాట 'కొక్కొస్' దీనికి మూలం. ఓక్ చెట్లపై ఉండే, ఎర్రరంగునిచ్చే ఒక బంధువు పురుగును పూర్వం గ్రీకులు గింజే అనుకున్నారు!

గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు మాత్రం చురుకైన కాళ్లుంటాయి. మంచి చోటు దొరకగానే సూదిలాంటి నోరు గుచ్చి స్థిరపడుతుంది. చెట్టు రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తుల సరుకు బాగా తక్కువ. అందుకే చాలా రసం తాగి, మిగులు చక్కెరను తీపి జిగురుగా వదిలేస్తుంది. ఆ జిగురు కోసం చీమలు చేరి, అక్షింతల పురుగులు ఈ పొలుసు పురుగును తినకుండా కాపలా కాస్తాయి. జిగురుపై నల్లని బూజు పెరిగి ఆకుకు ఎండ తగలనివ్వదు. రైతులు దాన్నే మసి తెగులంటారు.

ఏటికొప్పాక బొమ్మలకు నునుపునిచ్చే లక్క కూడా మెత్తని పొలుసు పురుగుల దగ్గరి చుట్టమైన లక్కపురుగు ఇచ్చేదే.