ఇంటి ఫొటోలకో ఇనప్పెట్టె

మా బామ్మ ఆవకాయ కలుపుతుండగా తీసిన వీడియో ఒకటి మా ఇంట్లో ఉండేది. పదకొండు నిమిషాలు. 2012 వేసవిలో అన్నయ్య తీశాడు. ఆవపిండి ఎంత, కారం ఎంత అని కొలతలు చెబుతూ మొదలుపెట్టి, మధ్యలో పక్కింటావిడ మీద నాలుగు మాటలు విసిరి, చివర్లో ‘ఇంకా ఆపలేదుట్రా ఆ డబ్బా’ అని కసురుకునేది. బామ్మ 2018లో పోయింది. ఓ ఏడాది ఆబ్దికానికి అందరం చేరినప్పుడు ఆ వీడియో చూద్దామనుకున్నాం.

ఇంతకీ అదెక్కడుంది?

అన్నయ్య పాత ల్యాప్‌టాప్‌లో ఉందనుకున్నాం. అది ఎప్పుడో పాతసామాన్ల వాడికి వెళ్లిపోయింది. ‘పారేసేముందు అన్నీ హార్డ్‌డిస్కులోకి ఎక్కించానే’ అన్నాడు అన్నయ్య డాలస్ నుంచి ఫోన్లో. వెతికితే ఆ డిస్కు బీరువాలో, అమ్మ పట్టుచీరల కింద దొరికింది. హమ్మయ్య అనుకుని కంప్యూటర్‌కి తగిలించాం. టక్... టక్... టక్... అదే చప్పుడు, అంతకుమించి ఏమీ లేదు. నాలుగైదుసార్లు పీకి పెట్టి చూశాం. అలా చేయడమే తప్పని తర్వాత తెలిసింది. డిస్కు అలా చప్పుడు చేస్తోందంటే లోపలి భాగాలు దెబ్బతిన్నాయని అర్థం. మళ్లీ తిప్పినకొద్దీ మిగిలిన సమాచారమూ చెరిగిపోవచ్చు. వెంటనే ఆపేసి, డేటా వెలికితీసే వాళ్లకి ఇవ్వడమే మార్గం. మేమూ ఇచ్చాం, కానీ ఆలస్యంగా. కొన్ని ఫొటోలు వచ్చాయి. బామ్మ రాలేదు.

ఆ రోజు నాన్న అన్నమాట ఒక్కటే. ‘పొలం కాయితాలకి బ్యాంకులో లాకరుంది. వీటికేం లేదామ్మా?’

ఉంది. దాని పేరు ‘నాస్’.

హాల్లో అందరి బీరువా

నాస్ అంటే నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజ్. పేరు చూసి బెదరక్కర్లేదు. రెండు మూడు లావు పుస్తకాలంత పెట్టె. తెర ఉండదు, కీబోర్డు ఉండదు. లోపల ఓ చిన్న కంప్యూటరూ, ఒకటో రెండో నాలుగో హార్డ్‌డిస్కులూ ఉంటాయి. దాన్నుంచి ఓ వైరు తీసుకెళ్లి ఇంట్లోని వైఫై రూటర్‌కి గుచ్చితే చాలు, ఆ వైఫైలో ఉన్న ఫోన్లూ, ల్యాప్‌టాప్‌లూ, టీవీ అన్నీ ఆ డిస్కుల్ని వాడుకోవచ్చు. విడి హార్డ్‌డిస్కు ఒకరి చేతిసంచీ అయితే, నాస్ హాల్లో పెట్టిన అందరి బీరువా. ఎవరి అర వాళ్లది, తాళాలు వేరు.

ఇప్పుడిది ఎందుకంటారా... ఇంట్లో ఫొటోలన్నీ ఒకచోట ఎక్కడున్నాయి గనక! అమ్మ ఫోన్లో తిరుపతి, వదిన ఫోన్లో సీమంతం, నాన్న ఫోన్లో ‘గుడ్ మార్నింగ్’ పువ్వుల మధ్య ఇరుక్కుపోయిన మనవరాలి అన్నప్రాశన. గూగుల్ ఫొటోస్‌లో ఎన్నయినా ఉచితంగా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. అప్పట్నుంచి మెయిళ్లూ, ఫైళ్లూ, ఫొటోలూ అన్నీ కలిపి ఉచితం 15 జీబీయే. అది దాటితే నెలనెలా అద్దె. అద్దె కట్టడం తప్పేమీ కాదు. కాకపోతే ఇరవయ్యేళ్ల ఇంటి వీడియోలు లెక్కేసుకుంటే, సొంతిల్లు నయమనిపిస్తుంది.

అన్నట్టు, విండోస్ కంప్యూటర్లు ఒకదాని ఫైళ్లు ఒకటి చూసుకోవడానికి వాడే భాషని ఎస్‌ఎంబీ అంటారు. పుట్టింది 1980ల్లో, ఐబీఎంలో. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పీహెచ్‌డీ చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ అనే కుర్రాడు 1991-92లో, విండోస్ కాని యంత్రాలు కూడా ఆ భాష మాట్లాడేలా ఓ ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. తను పెట్టిన మొదటి పేరు మరో కంపెనీదని తేలేసరికి, కంప్యూటర్లోని పదాల జాబితాలో ఎస్, ఎం, బీ అక్షరాలు వరసగా వచ్చే మాటలు వెతికాడు. ‘సాంబా’ దొరికింది. మన సాంబయ్య కాదు లెండి, బ్రెజిల్ నాట్యం! ఇళ్లలో వాడే నాస్ పెట్టెలు చాలావాటి లోపల ఇప్పటికీ ఫైళ్లు పంచిపెడుతున్నది ఆ సాంబాయే.

ఎనిమిది కొంటే మూడున్నరా?

మేం రెండు డిస్కులు పట్టే పెట్టె కొన్నాం. పెట్టెతోపాటు డిస్కులు రావు, చాలావరకు విడిగానే కొనుక్కోవాలి. రాత్రీ పగలూ తిరగడానికి వీలుగా చేసిన నాస్ డిస్కులు వేరే ఉంటాయి, అవే తీసుకోవాలి. 4 టెరాబైట్లవి రెండు తెచ్చి బిగించాం. స్క్రూడ్రైవర్ పట్టగలిగితే పావుగంట పని. తర్వాత ల్యాప్‌టాప్ బ్రౌజర్ తెరిచి పెట్టె చిరునామా కొడితే అదే ఒక్కో ప్రశ్న అడుగుతూ దారి చూపిస్తుంది. అడిగే ప్రశ్నల్లో ముఖ్యమైంది ఒకటుంది: రెండు డిస్కుల్నీ ఎలా వాడమంటారు?

రెండూ కలిపేసి ఎనిమిదీ వాడుకోవచ్చు. లేదా ఒకదానిలో రాసిందే రెండోదానిలోనూ రాయమనొచ్చు. అప్పుడు దాచుకునేది నాలుగే కానీ, ఒక డిస్కు చచ్చిపోయినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది. పోయినదాన్ని తీసి కొత్తది పెడితే పెట్టె తనంతట తానే మళ్లీ జంట తయారుచేసుకుంటుంది. దీన్ని ‘రైడ్ 1’ అంటారు. రైడ్ అన్న పేరు జనంలోకి తెచ్చింది కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రం. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చవక డిస్కులు కొన్నింటిని జట్టుకడితే ఏమన్నదే వాళ్ల ఆలోచన. ఇంటికి రెండోపద్ధతే మేలు. మేమూ అదే ఎంచుకున్నాం.

అంతా అయ్యాక తెరమీద 3.6 టెరాబైట్లని కనిపించింది. నాన్న కళ్లజోడు సవరించుకున్నారు. ‘ఎనిమిది కొంటే మూడున్నరా? ఇదేం తూకం?’ సగం జంటకి పోయింది సరే, ఆ మిగతా తేడా తూకంలో మోసం కాదు. డిస్కులు చేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, కంప్యూటరేమో 1,024 చొప్పున. మెట్టుమెట్టుకీ తేడా పెరిగి టెరాబైట్ల దగ్గరకొచ్చేసరికి అంతవుతుంది.

ఇక ఫైళ్లు ఎక్కించడం. మొదటి రాత్రి 600 జీబీ పెడితే పదిహేను గంటలు పడుతుందంది. సెకనుకి 11 మెగాబైట్లకి మించి కదలదు. కొత్త పెట్టెనే తిట్టుకున్నాం. తీరా చూస్తే దోషం వైరుది! రూటర్ పెట్టినప్పుడు ఎవరో వదిలేసి వెళ్లిన పాత కేబుల్ అది. ఆ వైర్లో ఎనిమిది తీగలుంటాయి. నాలుగే పనిచేస్తే వేగం పదోవంతుకి పడిపోతుంది. కొత్త వైరు మార్చి, ల్యాప్‌టాప్‌ని కూడా వైఫై మీద కాకుండా వైరుతో కలిపాక పెద్ద వీడియోలు సెకనుకి వంద మెగాబైట్లు దాటి పరుగెత్తాయి. చిన్న ఫొటోలు వేలకొద్దీ ఉంటే మాత్రం ఎప్పుడూ నెమ్మదే. అప్పుడు కాఫీ పెట్టుకోవడమే.

వారం తిరక్కుండా ఇంకో చిక్కు. కరెంటు పోయి వచ్చాక నాస్ ఎవరికీ కనపడలేదు. రూటర్ ప్రతి పరికరానికీ ఓ నంబరు ఇస్తుంది, 192.168.1.5 లాంటిది. మళ్లీ వెలిగినప్పుడు ఆ నంబరు మారిపోవచ్చు. ఇల్లు మారితే ఉత్తరాలు పాత చిరునామాకే వెళ్లినట్టు, మా ఫోన్లన్నీ పాత నంబర్లోనే వెతుకుతున్నాయి. రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ నంబరుని నాస్‌కే అట్టేపెట్టమని చెబితే మళ్లీ ఆ బాధ లేదు. ఇంకో సంగతి, రాస్తుండగా కరెంటు ఠక్కున పోవడం డిస్కులకి మంచిది కాదు. యూపీఎస్ ఉండాలి. చాలా నాస్‌లకి యూపీఎస్ నుంచి యూఎస్‌బీ వైరు తగిలించొచ్చు. బ్యాటరీ అయిపోతుంటే పెట్టె తనే బుద్ధిగా మూసుకుని పడుకుంటుంది.

అమ్మ చేసిన ‘శుభ్రం’

ఇంట్లో అందరికీ తలో పేరూ, పాస్‌వర్డూ ఇచ్చాం. ‘మన ఇల్లు’ అని అందరికీ ఒక ఫోల్డరు. తెలుగులోనే పేరు పెట్టాం, అన్ని ఫోన్లలోనూ చక్కగా కనిపిస్తోంది. దానిలోపల ఏడాదికొకటి. ఫోన్లో నాస్ కంపెనీ యాప్ పెట్టుకుంటే తీసిన ఫొటో తీసినట్టు ఇంటి వైఫైలోకి రాగానే పెట్టెలోకి వెళ్లిపోతుంది. పిల్లలకి మాత్రం చూడటానికే అనుమతి, మార్చడానికి లేదు. అమ్మకీ అదే ఇచ్చి ఉండాల్సింది!

ఓ మధ్యాహ్నం అమ్మ ‘రెండేసి ఫొటోలెందుకే, చోటు దండగ’ అంటూ 2016 ఫోల్డరు మొత్తం తీసేసింది. డిస్కులు రెండున్నాయిగా, భయమేముంది అనుకుంటారేమో... సరిగ్గా ఇక్కడే అందరూ పొరబడేది. జంటడిస్కు అద్దంలాంటిది. ఇక్కడ చెరిపితే అదే క్షణంలో అక్కడా చెరిగిపోతుంది. డిస్కు పాడైతే ఆదుకుంటుందే తప్ప, మనిషి పొరపాటు చేస్తే కాదు. పైగా ఇలా నెట్‌వర్క్ మీద తీసేసినవి ల్యాప్‌టాప్‌లోని రీసైకిల్ బిన్‌లోకి రావు. అదృష్టం బాగుండి, నాస్‌లోనే ఉండే రీసైకిల్ బిన్ మొదటిరోజే ఆన్ చేసిపెట్టాను. 2016 తిరిగొచ్చింది. అమ్మకిప్పుడు చూడటానికే అనుమతి. దానిమీద ఇంకా అలక తీరలేదు.

డాలస్ నుంచి చూడొద్దూ!

‘నాకూ కనపడేలా పెట్టవే’ అన్నాడు అన్నయ్య. సరే కదా అని రూటర్లో దారి తెరవబోయాను. ఆఫీసులో కంప్యూటర్ల పని చూసే సహోద్యోగి చెయ్యి పట్టుకుని ఆపినంత పనిచేశాడు. అలా తెరిస్తే అన్నయ్య ఒక్కడికే కాదు, ప్రపంచం మొత్తానికి తలుపు తీసినట్టే.

భయపెట్టడానికి చెప్పిన మాట కాదది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి ‘మై బుక్ లైవ్’ అనే పాత పెట్టెల్లోకి ఇంటర్నెట్ గుండా ఎవరో చొరబడి సమాచారం తుడిచేశారు. 2015 తర్వాత వాటికి మరమ్మతు అప్‌డేట్లు రాలేదు. వెంటనే నెట్ వైరు పీకేయండని కంపెనీయే చెప్పాల్సి వచ్చింది. 2022 జనవరిలో ‘డెడ్‌బోల్ట్’ ముఠా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచిన క్యూనాప్ నాస్‌లలోని ఫైళ్లకు తాళమేసి, విడిపించడానికి 0.03 బిట్‌కాయిన్లు అడిగింది. అంతకుముందు 2017 మేలో ‘వానాక్రై’ వచ్చినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్నీ దాని బారినపడ్డాయి. అది దూరింది ఎక్కడినుంచనుకున్నారు? ఇందాక చెప్పుకున్న ఎస్‌ఎంబీ భాష పాత రూపంలోని లోపం గుండా. అందుకే నాస్ సెట్టింగుల్లో ‘ఎస్‌ఎంబీ 1’ కనిపిస్తే ఆపేయాలి. ‘అడ్మిన్’ అనే పాత పేరుతో ఖాతా ఉంచకూడదు. అప్‌డేట్ వచ్చిందంటే పండగ తర్వాత చూద్దామనుకోకూడదు. దూరంనుంచి చూడాలంటే వీపీఎన్ ఉంది. మన ఇంటికీ అన్నయ్య ల్యాప్‌టాప్‌కీ మధ్య రహస్య సొరంగమన్నమాట. తాళంచెవి ఉన్నవాళ్లకే దారి కనపడుతుంది. అది పెట్టడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది, నిజం చెప్పొద్దూ, మూడు.

మూడో కాపీ తెనాలిలో

ఇంత చేసినా దొంగలు పడి పెట్టె ఎత్తుకుపోతే? పిడుగు పడితే? పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ చెప్పిన లెక్క ఒకటి కంప్యూటర్ల వాళ్లందరికీ తెలుసు: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటి బయట. మేం ఓ విడి డిస్కు కొని, నాస్ వెనక తగిలించి, అన్నీ కాపీ చేసి, పాస్‌వర్డుతో తాళమేసి తెనాలిలో పిన్ని వాళ్లింట్లో పెట్టాం. సంక్రాంతికోసారి, దసరాకోసారి అది వస్తుంది, కొత్తవి ఎక్కించుకుని వెళ్తుంది. డిస్కులు రెండు కొంటే ఒకటి వచ్చేలోపు రెండోది అక్కడుంటుంది. వచ్చే దసరాకి కొనాలి. కాపీ ఉందనుకుంటే సరిపోదు, అప్పుడప్పుడూ అందులోంచి ఒక ఫైలు తెరిచి చూడాలి. ఆ పని నాన్న తీసుకున్నారు. డిస్కుల ఆరోగ్యం గురించి నెలకోసారి పెట్టె పంపే మెయిల్ కూడా ఆయనే చదివి, బీపీ రిపోర్టులా ఫైల్లో పెడుతున్నారు.

మొదటిసారి డిస్కు ఇవ్వడానికి వెళ్లినప్పుడు పిన్ని తన పాతఫోను చేతిలో పెట్టింది. ‘ఇందులోవి కూడా మీ పెట్టెలో వేసుకోవే, ఛార్జింగ్ ఎక్కట్లేదు’ అని. బ్యాటరీ మార్పించి, ఇంటికొచ్చి ఎక్కిస్తుంటే వాట్సాప్ వీడియోల మధ్య ఒకచోట ఆగాను. అన్నయ్య ఎప్పుడో కత్తిరించి పంపిన ముక్క. మసకమసగ్గా నలభై సెకన్లు. ఆవపిండి కొలత లేదు, డబ్బా ఆపమన్న మాటా లేదు. పక్కింటావిడ గురించి చెప్పింది మాత్రం మొత్తం ఉంది.