దగ్గరి ఊరికే మళ్ళీ వెళ్దాం: కోయిలకుంట్ల చుట్టూ ఒక్కరోజు ప్రయాణాలు



మన ప్రాంతంలో పదో తరగతి అయిపోగానే చాలామంది పిల్లలు ఇంటర్ కోసం హైదరాబాద్, విజయవాడ, తిరుపతి హాస్టళ్ళకు వెళ్ళిపోతారు. ఆ తర్వాత డిగ్రీ, ఆపైన ఉద్యోగం. అంటే ఇప్పుడు ఆరో తరగతి చదువుతున్న పిల్లవాడు మీ ఇంట్లో పూర్తిగా గడిపే వేసవులు ఇంకో నాలుగైదు మాత్రమే. ఈ నెల మీతో మాట్లాడాలనుకున్నది మార్కుల గురించి కాదు, ఆ నాలుగైదేళ్ళలో వచ్చే ఆదివారాల గురించి.

క్లాసులో "నేను చూసిన ప్రదేశం" అని ఇంగ్లీషులో ఒక పేరా రాయమంటే చాలామంది బెంగళూరు మాల్ గురించో, హైదరాబాద్ ఫిల్మ్ సిటీ గురించో రాస్తారు. "చాలా పెద్దది, చాలా బాగుంది, చాలా ఎంజాయ్ చేశాం" అన్న మూడు వాక్యాలతో పేరా ఆగిపోతుంది. దీనికి ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కారణం కాదు. ఒక్కసారి పరుగుపరుగున చూసిన చోటు గురించి చెప్పడానికి పెద్దవాళ్ళకైనా అంతకంటే ఎక్కువ ఉండదు. మొదటిసారి చూసినప్పుడు ఆశ్చర్యపోతాం. తేడాలు గమనించేది, "ఎందుకు?" అని అడిగేది రెండోసారి వెళ్ళినప్పుడే. దూరపు ఊరికి రెండోసారి వెళ్ళడానికి డబ్బూ సెలవూ రెండూ చాలవు. దగ్గరి ఊరికైతే వేరే కాలంలో, వేరే పనితో మళ్ళీ వెళ్ళొచ్చు. ఈ విషయంలో కోయిలకుంట్ల వాళ్ళం అదృష్టవంతులమే. గంటా గంటన్నర ప్రయాణంలో ఏమేం ఉన్నాయో చూద్దాం.

ముందు మన ఊరే

"సైరా" సినిమా చాలామంది పిల్లలు చూశారు. ఆ కథ ఎక్కడ జరిగిందని అడిగితే మాత్రం కొందరు తడుముకుంటారు. ఉయ్యాలవాడ మనకు పొరుగూరే. 1846 జూలైలో నరసింహారెడ్డి మనుషులు దాడి చేసింది కోయిలకుంట్ల ఖజానా మీదే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని బహిరంగంగా ఉరితీసిందీ ఈ ఊళ్ళోనే. అప్పట్లో కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. తర్వాత కర్నూలు జిల్లాలో కలిసింది, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. ఒర్వకల్లులోని కర్నూలు విమానాశ్రయానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు.

ఒక సాయంత్రం ఇంట్లో తాతనో అవ్వనో వెంటబెట్టుకుని పిల్లలతో ఊళ్ళో నడవండి. వాళ్ళ చిన్నప్పుడు సంత ఎక్కడ జరిగేది, కుందూ పొంగితే నీళ్ళు ఎందాకా వచ్చేవి అని పిల్లల చేతే అడిగించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

బెలుం గుహలు: ఇంటి నేల కింది సైన్సు

కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు వరకు సందర్శకులను అనుమతిస్తారు. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో ఈ గుహల గురించి రాశారు. 1980ల మొదట్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ పరిశోధకుడి బృందం లోపలికి దిగి కొలతలు తీసింది. 2002లో సందర్శకుల కోసం తెరిచారు. లోపల పాతాళగంగ అనే చోటు నేలమట్టానికి దాదాపు 150 అడుగుల కింద ఉంటుంది.

వెళ్ళేముందు ఇంట్లోనే ఒక చిన్న పని చేయించండి. మన ఇళ్ళలో పరిచే నాపరాయి కూడా సున్నపురాయే. బెలుం గుహలు ఏర్పడిందీ సున్నపురాయిలోనే. కొలిమిగుండ్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది కూడా ఆ రాయి కోసమే. పగిలిన నాపరాయి ముక్క మీద నిమ్మరసం చుక్కలు వేసి చూడమనండి, సన్నటి బుడగలు వస్తాయి. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్లమవుతుంది. ఆ నీరు రాతి పగుళ్ళలోంచి లక్షల ఏళ్ళు పారి రాయిని కరిగిస్తే గుహ తయారవుతుంది. నిమ్మరసం బుడగలు చూసి వెళ్ళిన పిల్లవాడికి గుహ గోడ మీది గీతలు నీటి దారులుగా కనిపిస్తాయి.

ఒక జాగ్రత్త: లోపల ఉక్కగా ఉంటుంది, మెట్లు ఎక్కువ, కొన్నిచోట్ల వంగి నడవాలి. ఆయాసం, గుండె సమస్యలు ఉన్న పెద్దవాళ్ళు, ఉబ్బసం ఉన్న పిల్లలు ముందు డాక్టర్‌ని అడగడం మంచిది. నూలు బట్టలు, పట్టు ఉన్న చెప్పులు, తాగే నీళ్ళు మర్చిపోవద్దు.

యాగంటి, బనగానపల్లె: ఎండాకాలం ఒకసారి, వానల తర్వాత ఒకసారి

యాగంటి పుష్కరిణిలోకి కొండ అడుగు నుంచి నంది నోటి ద్వారా ఏడాది పొడవునా నీరు వస్తుంది. మే నెలలో పొలాలన్నీ బీటలు వారినప్పుడు వెళ్ళి ఆ చల్లటి నీళ్ళలో కాళ్ళు పెడితే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు, "ఇన్ని నీళ్ళు ఎక్కడివి?" అని. కొండ పగుళ్ళలో ఇంకిన వాన నీరే నెమ్మదిగా ఊటై బయటికి వస్తుందని అప్పుడు చెప్పొచ్చు. కార్తీకంలో మళ్ళీ తీసుకెళ్ళి, ధార అలాగే ఉందా, పెరిగిందా అని పోల్చమనండి.

యాగంటి బసవన్న పెరుగుతున్నాడని మన పెద్దల నమ్మకం. పూర్వం నంది చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళమని చెబుతారు. ఆ కథ పిల్లలకు అవ్వ నోటే వినిపించండి. తర్వాత, "ఒక రాయి పెరిగిందో లేదో తెలుసుకోవాలంటే ఏం కొలవాలి, ఎన్నేళ్ళు కొలవాలి?" అని అడగండి. నమ్మకాన్ని గౌరవించడం, కొలత గురించి ఆలోచించడం రెండూ ఒకే ప్రయాణంలో నేర్చుకోవచ్చు.

తిరుగుదారిలో బనగానపల్లె. 1948 దాకా ఇది నవాబుల సంస్థానం. 2009లో వచ్చిన "అరుంధతి" సినిమాలో కనిపించే బంగళా ఇక్కడి నవాబులదే. ఊరి పేరు మోసే బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేసవిలో వెళితే తోట దగ్గరో, రోడ్డు పక్క బండి దగ్గరో కాయలు ఎంచే పని పిల్లలకు అప్పజెప్పండి. కార్బైడ్‌తో మగ్గబెట్టిన కాయకు, గడ్డిలో మగ్గిన కాయకు తేడా ఏమిటో అమ్మే ఆయన్నే అడగమనండి. ఆయన చెప్పే జవాబు ఏ గైడు బుక్కులోనూ దొరకదు.

గండికోటకు రైల్లో

నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో పూర్తయింది. కాబట్టి కోయిలకుంట్ల స్టేషన్‌లో ఎక్కి జమ్మలమడుగులో దిగి, అక్కడి నుంచి ఆటోలోనో బస్సులోనో గండికోట చేరవచ్చు. కారున్నా ఒకసారి రైల్లో వెళ్ళి చూడండి. రైళ్ళు తక్కువ కాబట్టి రాకపోకల వేళలు ముందే చూసుకోవాలి. ఆ పని కూడా పిల్లలకే ఇవ్వండి. ఏ బండి ఎక్కాలి, ఎంత సేపు ఉండొచ్చు, తిరుగు బండి తప్పితే ఏం చేయాలి అన్నది ఒక కాగితం మీద రాయించండి. దారిలో నొస్సం స్టేషన్ వస్తుంది. నరసింహారెడ్డి తాత జయరామిరెడ్డి పాలెగాడిగా ఉన్నది అక్కడే.

గండికోటలో ఎర్రమల కొండలను చీల్చుకుని పారే పెన్న, మాధవరాయ స్వామి గుడి, రంగనాథాలయం, జామా మసీదు, ధాన్యాగారం అన్నీ ఒకే కోటలో ఉన్నాయి. వేసవిలో ఒకసారి, వానాకాలం తర్వాత ఒకసారి చూస్తే లోయలో నది రూపమే వేరుగా ఉంటుంది. కానీ లోయ అంచున చాలాచోట్ల రెయిలింగ్ లేదు. చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు. అంచు మీద నిలబడి సెల్ఫీ దిగడం పిల్లలకే కాదు, పెద్దలకూ వద్దు. లోయలో నీళ్ళలోకి దిగనివ్వొద్దు.

పరువేట, తిరునాళ్ళు

సంక్రాంతి మరుసటి రోజు, కనుమ నాడు, అహోబిలం నరసింహస్వామి పరువేటకు బయల్దేరుతారు. స్వామి నెల రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, తన పెళ్ళికి జనాన్ని స్వయంగా పిలుస్తారని నమ్మకం. చెంచులక్ష్మి కథ వల్ల చెంచులకు స్వామి ఇంటి అల్లుడే. దేవుడి దగ్గరికి మనం వెళ్ళడం పిల్లలకు తెలుసు. దేవుడే ఊరూరూ తిరిగి మనల్ని పిలిచే పండుగ మన పక్కనే ఉందని తెలిస్తే ఆ పల్లకీని చూసే చూపే మారుతుంది.

శివరాత్రికి మహానందిలోనూ యాగంటిలోనూ తిరునాళ్ళ ఉంటుంది. తిరునాళ్ళకు వెళ్ళేటప్పుడు పిల్లల చేతికి 100 రూపాయలు ఇచ్చి, "ఇంతే, మళ్ళీ అడగకూడదు" అని చెప్పండి. రంగులరాట్నం ఎక్కాలా, బత్తాసులు కొనాలా, చెల్లికి గాజులు తేవాలా అన్నది వాళ్ళే తేల్చుకోవాలి. తప్పు లెక్క వేసి డబ్బు అయిపోతే తిట్టకండి. 100 రూపాయలతో నేర్చుకునే పాఠం పెద్దయ్యాక ఎక్కువ డబ్బుతో నేర్చుకోనక్కర్లేకుండా పోతుంది. జనంలో తప్పిపోతే ఎక్కడికి రావాలో ముందే ఒక గుర్తు చెప్పి, మీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టండి.

తిండి కూడా పాఠమే

ఈ ప్రయాణాల్లో పొద్దున ఉగ్గాని బజ్జి గానీ ఎర్రకారం దోసె గానీ, మధ్యాహ్నం సంగటి, ఊరుబిండి, మాంసం తినేవాళ్ళకు నాటుకోడి పులుసు, ఎండ మండితే నన్నారి షర్బత్ ఉంటే చాలు. ఇంటి నుంచి చిప్స్ ప్యాకెట్లు మోసుకెళ్ళనక్కర్లేదు. చిన్న హోటల్ అయినా పర్వాలేదు, వేడిగా వండుతున్నారా, నీళ్ళు శుభ్రంగా ఉన్నాయా అన్నది చూసుకోండి.

ఆర్డర్ పిల్లలనే చెప్పనివ్వండి, బిల్లు వాళ్ళచేతే కూడించండి. పెద్ద హోటల్లో అయితే 5 శాతం జీఎస్టీ సరిగ్గా వేశారో లేదో చూడమనండి. ఏడో తరగతి శాతాల లెక్కకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

మాటల మీద ఇష్టం ఉన్న పిల్లలకు ఇంకో ఆట ఉంది. మన ఉగ్గానిని బళ్ళారి వైపు ఒగ్గరణె అంటారు. మన ఓళిగ కన్నడంలో హోళిగె. కొన్ని ఇళ్ళలో దాన్నే భక్ష్యం అంటారు, కోస్తాలో బొబ్బట్టు. ఒకే తీపికి ఎన్ని పేర్లున్నాయో బంధువులందరినీ అడిగి రాసుకుంటే ఒక మంచి జాబితా అవుతుంది. కడప దాటి రాయచోటి వైపు వెళ్ళే పని పడితే గువ్వలచెరువు దగ్గర ఆగి పాలకోవా తినండి. పాలు ఎంతసేపు కాస్తే కోవా అవుతుందో అక్కడ పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళను అడిగితే చెబుతారు.

మీకు మూడు మనవులు

మొదటిది: ప్రతి ప్రయాణంలో పిల్లలకు ఒక పని ఇవ్వండి. దారి చూడటమో, డబ్బు లెక్కో, ఒక మనిషిని ఒక ప్రశ్న అడగడమో ఏదైనా సరే. పని ఉన్న పిల్లవాడు ఫోన్ అడగడు.

రెండోది: ఇంగ్లీష్ టీచర్‌గా చెబుతున్నాను, ఆ రోజు తెలుగులోనే మాట్లాడండి. "దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు?" అని అడుగడుగునా పరీక్ష పెట్టవద్దు. చెప్పడానికి ఏదైనా ఉంటే పిల్లలు ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటారు. చెప్పేదే లేకపోతే ఎన్ని మాటలు వచ్చినా ఉపయోగం లేదు. సోమవారం క్లాసులో ఆ మాటలు వెతకడంలో సాయం చేయడం మా పని.

మూడోది: వెళ్ళిన చోటికే ఆరు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళండి. "పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది?" అని ఒక్క ప్రశ్న అడిగి, ఆగి, జవాబు వినండి.

నెలకు ఒక ఆదివారం చాలు. హోంవర్క్ సంగతి శనివారమే చూసుకుందాం. రేపు మీ పాప ఏ హాస్టల్ గదిలోనో కూర్చుని ఉన్నప్పుడు ఎవరైనా "మీది ఏ ఊరు?" అని అడుగుతారు. ఆ ఊరి గురించి ఆమె దగ్గర ఒక అరగంట చెప్పడానికి సరిపడా మాటలు ఉండాలి. అవి ఈ నాలుగైదేళ్ళ ఆదివారాల్లోనే పోగవుతాయి.