మునిగిన విజయపురి, కట్టిన విజయపురి

సాగర్ చూసి వచ్చినవారిని ఏమి చూశారని అడగండి. నూటికి తొంభై మంది "గేట్లు చూశాం" అంటారు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కృష్ణకు వరద వచ్చి గేట్లు ఎత్తారంటే చాలు, సికింద్రాబాదు నుండి, నల్లగొండ నుండి, పల్నాడు నుండి బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు కట్టుకొని జనం కదులుతారు. తెచ్చుకున్న పులిహోర తిని, చేపల వేపుడు కొనుక్కొని, నాలుగు ఫోటోలు దిగి సాయంత్రానికి తిరుగుముఖం పడతారు. మన సంఘాల స్త్రీల సమాజాలు, యౌవనుల కూటములు కూడా ఇలాగే వెళ్లి వస్తున్నాయి.

అందులో తప్పేమీ లేదు. ఆ నీటి హోరు చూడవలసినదే. అయితే ప్రియ పాఠకులారా, గేట్ల పక్కనే ఒక ఊరు ఉన్నది. అది తనంతట తాను పుట్టిన ఊరు కాదు. అడవిలో, కొండల మీద, కాగితంపై గీతలు గీసి కట్టిన ఊరు. ఆ ఊరిని, అక్కడి శిల్పాలను, వనాలను చూడకుండా వచ్చేస్తే సగం యాత్రే అయినట్లు. ఈసారి ఒక్క రోజు ఎక్కువ పెట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లండి.

యుద్ధం తరువాత పుట్టిన ఊళ్లు

రెండవ ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. ఇంగ్లండులో బాంబులకు ఇళ్లు కూలి లక్షల మందికి తలదాచుకొనే చోటు లేకపోయింది. 1946లో అక్కడి ప్రభుత్వం కొత్త పట్టణాలు కట్టడానికి ఒక చట్టం చేసింది. ఆ చట్టం క్రింద లండనుకు ఉత్తరాన వెలసిన ఊళ్లలో హార్లో ఒకటి. దాని నమూనా గీసిన ఫ్రెడరిక్ గిబ్బర్డ్ గారు ఇళ్లు, రోడ్లు, బడులతో సరిపెట్టలేదు. మంచి శిల్పాలు ధనవంతుల భవనాల్లోనే ఎందుకుండాలి, కూలివాడు నడిచే దారిలో కూడా ఉండాలి అన్నది ఆ ఊరి పద్ధతి. 1956లో హెన్రీ మూర్ అనే పేరుపొందిన శిల్పి చెక్కిన తల్లి, తండ్రి, బిడ్డ ఉన్న రాతి విగ్రహాన్ని అక్కడ ఆరుబయట నిలిపారు. కొన్నేళ్లకు ఆకతాయిలు దాన్ని దెబ్బతీయడంతో లోపలికి తరలించి కాపాడవలసి వచ్చింది. అందమైనదాన్ని నిలబెట్టడం ఒక పని, నిలుపుకోవడం మరొక పని అని ఆ ఊరు నేర్చుకున్నది.

మన దేశంలో 1947 విభజనలో లాహోరు పాకిస్తానుకు పోయింది. పంజాబుకు రాజధాని లేకపోయింది. అప్పుడు కట్టినదే చండీగఢ్. అక్కడ నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టరు పగిలిన గాజులు, పింగాణీ పెంకులు, పారవేసిన సామాన్లు ఏరి, ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి బొమ్మలు చేసి పెట్టాడు. 1976లో ఆ తోటను ప్రజలకు తెరిచారు. నేడు చండీగఢ్ వెళ్లినవారు రాజధాని భవనాలతో పాటు ఆ చెత్తతో చేసిన తోటను కూడా తప్పక చూసి వస్తారు.

మన తెలుగు నేల మీద ఆ తరంలో పుట్టిన ఊరు నాగార్జునసాగర్.

నందికొండ దగ్గర

1955 డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారు నందికొండ దగ్గర ఆనకట్టకు పునాదిరాయి వేశారు. ఇలాంటి కట్టడాలు కొత్త భారతదేశపు దేవాలయాలు అని ఆయన ఆనాడు చెప్పిన మాట అందరికీ తెలిసినదే. ఆ సందర్భానికి గుర్తుగా నిలిచిన స్తంభమే పైలాన్. దాని పేరు మీదనే పైలాన్ కాలనీ ఏర్పడింది. ఎత్తున గుట్టమీద హిల్ కాలనీ, నదికి కుడిగట్టున విజయపురి సౌత్ వెలిశాయి. ఇంజనీర్లకు, గుమాస్తాలకు, పనివారికి క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, బజారు అన్నీ ఆ చోట కొత్తగా రావలసినవే.

ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. గేట్లు 26. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఇది ఒకటి. కాంక్రీటుతో ఎందుకు కట్టలేదు? సిమెంటు, పెద్ద యంత్రాలు కొరతగా ఉన్న కాలమది. మనకు రాయి ఉన్నది, పనిచేసే చేతులు ఉన్నాయి. అందుకే రాతికట్టుడును ఎంచుకున్నారు. వేలాదిమంది కూలీలు, స్త్రీలు, పురుషులు, వాలుగా కట్టిన మంచెల మీదుగా తలమీద, భుజంమీద రాళ్లు, సున్నం, సిమెంటు మోసుకెళ్లారు. పాలమూరు నుండి, నల్లగొండ నుండి, పల్నాడు నుండి, ఇంకా దూరాల నుండి కుటుంబాలు గుడిసెలు వేసుకొని అక్కడే ఉండిపోయాయి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. గేట్ల పని 1974 నాటికి గాని పూర్తి కాలేదు.

ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం, కృష్ణా ప్రాంతాలకు, కుడి కాలువ పల్నాడు, గుంటూరు, ప్రకాశం ప్రాంతాలకు నీరిచ్చాయి. జొన్న, సజ్జ తప్ప ఎరుగని చేలలో వరి పండింది. 2004 నుండి సికింద్రాబాదు, హైదరాబాదు ఇళ్లకు కూడా ఈ జలాశయం నుండి కృష్ణా నీరు అందుతున్నది. కనుక నగరంలో కొళాయి త్రిప్పినప్పుడు పడే నీళ్లలో ఆ రాళ్లు మోసినవారి చెమట కొంత ఉన్నదనుకోవాలి.

మీ ఇంట్లో ఆ కాలంలో సాగర్ పనికి వెళ్లిన తాతగారో, నాయనమ్మగారో ఉంటే యాత్రకు ముందు వారిని కూర్చోబెట్టి అడగండి. రోజు కూలి ఎంత, ఏమి తిన్నారు, ఎక్కడ పండుకొన్నారు, ఎవరు జారిపడ్డారు అని అడగండి. ఆ సంగతులు ఏ ఫలకం మీదా కనబడవు. ఆ తరం వెళ్లిపోతున్నది.

నీళ్ల క్రింద ఉన్న పట్టణం

విజయపురి అనే పేరు కొత్తది కాదు. క్రీస్తు తరువాత మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల రాజధాని పేరు అది. కొండల నడుమ ఉన్న లోయలో, కృష్ణ ఒడ్డున ఆ నగరం ఉండేది. 1926లో దాని ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ తరువాత లాంగ్‌హర్స్ట్ అనే దొర త్రవ్వించి స్తూపాలు, విహారాలు, శిల్పాలు వెలికితీశాడు. ఆనకట్ట కడితే ఆ లోయంతా మునిగిపోతుందని తెలిసి 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పురావస్తుశాఖవారు లోయంతా త్రవ్వి చూశారు. నూటికి పైగా కట్టడాల జాడలు దొరికాయి. ముఖ్యమైన కొన్నింటిని ఇటుక ఇటుక విప్పి, రాయి రాయి లెక్కపెట్టి, నాగార్జునకొండ మీదికి, కుడిగట్టున అనుపు దగ్గరికి తరలించి మళ్లీ నిలబెట్టారు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట కోసం అబూ సింబెల్ రాతి గుడులను తరలించడం 1964లో మొదలైంది. మనవారు అంతకు ముందే ఇలాంటి పని చేసి చూపించారు.

ఒకప్పుడు కొండ శిఖరంగా ఉన్న చోటు నేడు నీళ్ల మధ్య ద్వీపం. లాంచీ ఎక్కి వెళ్లాలి. అక్కడ 1966లో తెరిచిన ప్రదర్శనశాల ఉన్నది. లేతరంగు సున్నపురాతి పలకల మీద చెక్కిన బొమ్మల ముందు పిల్లలను నిలబెట్టండి. రాజులు, సేవకులు, తల్లులు, పిల్లలు, ఏనుగులు, చెట్లు. పదిహేడు వందల ఏళ్ల క్రిందట తెలుగు నేలమీద మనుషులు ఎలా కూర్చున్నారో, ఏ నగలు పెట్టుకున్నారో, ఎలా నవ్వారో కనబడుతుంది. ఆ నాటి శాసనాల్లో దానాలు చేసిన స్త్రీల పేర్లు ఎన్నో ఉన్నాయి. రాజకుటుంబపు చాంతిసిరి, ఉపాసిక బోధిసిరి వారిలో ఇద్దరు. ఇవి మన మతానికి సంబంధించినవి కావు గదా అని కొందరు పెద్దలు ముఖం త్రిప్పుకొంటారు. అక్కడ మ్రొక్కమని మనల్ని ఎవరూ అడగడం లేదు. మన ముత్తాతల నేలమీద పనిచేసిన చేతుల నేర్పును గౌరవంతో చూడటానికి ఏ అడ్డూ లేదు.

రాళ్లను తరలించారు సరే, మనుషుల మాటేమిటి? ఆ లోయలో మునిగినది పాత పట్టణం ఒక్కటే కాదు. పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలు, తండాలు, చేలు, చింతచెట్లు, సమాధులు కూడా మునిగాయి. వారు తమ ఇళ్ల తలుపులు, దూలాలు పీక్కొని వేరేచోటికి వెళ్లారు. శిల్పాలకు ప్రదర్శనశాల దొరికింది. ఆ పల్లెవారి జ్ఞాపకాలకు అలాంటి చోటు దొరకలేదు. మనకు పంట ఇచ్చిన నీరు మరొకరి ఇంటిమీద నిలిచి ఉన్నదని పిల్లలకు చెప్పడం మంచిది. కృతజ్ఞత అంటే లాభం లెక్కించుకోవడమొక్కటే కాదు, ఎవరు నష్టపడ్డారో గుర్తుంచుకోవడం కూడా.

కొత్త వనం

హిల్ కాలనీ సమీపంలో 274 ఎకరాల్లో బుద్ధవనం అనే పెద్ద ఉద్యానవనాన్ని 2022 మే 14న తెరిచారు. మధ్యలో పాత అమరావతి స్తూపాన్ని తలపించే మహాస్తూపం ఉన్నది. దాని ఎత్తు 21 మీటర్లు, వెడల్పు 42 మీటర్లు. జాతక కథల శిల్పాలకు ఒక వనం, చిన్న స్తూపాల నమూనాలకు ఒక వనం, శ్రీలంకవారు బహూకరించిన 27 అడుగుల విగ్రహం, చెట్ల నీడన నడిచే బాటలు ఉన్నాయి. జాతకాల్లో కోతులు, జింకలు, ఏనుగులు మాట్లాడతాయి. పిల్లలకు కథలు చెబుతూ నడిపించవచ్చు.

పాత శిల్పాలు చూసిన కళ్లతో కొత్తవాటిని చూడండి. చేతిపనివారి విద్య మన దగ్గర ఇంకా బ్రతికి ఉన్నదని తెలుస్తుంది. మాచర్ల వైపు కొద్ది దూరంలో చంద్రవంక వాగు మీద ఎత్తిపోతల జలపాతం ఉన్నది. సుమారు 70 అడుగుల ఎత్తునుండి దూకుతుంది. అక్కడ మొసళ్ల కేంద్రం కూడా ఉన్నది. చిన్నవారిని నీటి దగ్గరికి ఒంటరిగా వదలకండి.

ఒక ఊరు, రెండు రాష్ట్రాలు

2014 జూన్ 2న రాష్ట్రం రెండయినప్పుడు ఈ ఊరు కూడా రెండయింది. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ తెలంగాణలో నల్లగొండ జిల్లాలో ఉన్నాయి. అవి 2018లో నందికొండ పురపాలక సంఘమయ్యాయి. విజయపురి సౌత్ ఆంధ్రప్రదేశ్‌లో, 2022 నుండి పల్నాడు జిల్లాలో ఉన్నది. 2023 నవంబరు చివరిలో నీటి వాడకం మీద తగవు వచ్చి, రెండు రాష్ట్రాల పోలీసులు ఆనకట్ట మీద ఎదురెదురుగా నిలిచారు. చివరికి కేంద్ర బలగాలను కాపలా పెట్టవలసి వచ్చింది. రెండు గట్లవారూ కలిసి మోసిన రాళ్ల మీదనే ముళ్లకంచె వేశారు.

నీటి లెక్కలు పెద్దలు తేల్చవలసినవి. రెండు వైపులా కాలువ చివరి భూముల రైతు ఆకాశం వైపు చూస్తున్న మాట నిజమే. కాని పొరుగువాడి దప్పికను మన దప్పికతో సమానంగా ఎంచాలన్న పాఠం మన ఇళ్లలోనే మొదలు కావాలి.

ఆనకట్ట పని ముగిసిన తరువాత ఎన్నో కుటుంబాలు కాలనీలు విడిచి వెళ్లిపోయాయి. పాత క్వార్టర్లలో కొన్ని శిథిలమై గోడలు నెర్రెలు విచ్చాయి. నమూనా గీసి ఊరు కట్టవచ్చు, కాని ఊరు బ్రతికేది అందులో ఉండేవారు దాన్ని తమదనుకొన్నప్పుడే. మన పల్లెల సంగతి కూడా అంతే. బడి ముందు ఒక చెట్టు, బావి చుట్టూ ఒక అరుగు, మందిరం ఆవరణలో నాలుగు పూలమొక్కలు, ఇవే మన ఊరి వనాలు. నాటేవారు దొరుకుతారు. వేసవిలో రెండు బిందెల నీళ్లు పోసేవారు కావాలి.

వెళ్లేవారికి కొన్ని మాటలు

సికింద్రాబాదు నుండి సాగర్ సుమారు 150 కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి, పెద్దవూర మీదుగా దారి. హైదరాబాదు మహాత్మాగాంధీ బస్ స్టేషను నుండి బస్సులున్నాయి. గుంటూరు వైపు నుండి వచ్చేవారు మాచర్ల వరకు రైలులో రావచ్చు. లాంచీలు నీటిమట్టాన్ని, గాలివానను బట్టి నడుస్తాయి గనుక ముందుగా విచారించుకోండి. ప్రదర్శనశాలకు వారంలో ఒక రోజు సెలవు ఉంటుంది, అది కూడా కనుక్కోండి. ఉదయం పూట ద్వీపం, మధ్యాహ్నం అనుపు, సాయంత్రం ఎండ తగ్గాక బుద్ధవనం పెట్టుకొంటే ముసలివారికి కూడా అలసట ఉండదు. ఎండాకాలంలో రాతినేల కాళ్లు కాలుస్తుంది, చెప్పులు, గొడుగు మరువవద్దు. శిల్పాల మీద పేర్లు గీకవద్దని యౌవనులకు ముందే చెప్పండి. తిన్న విస్తళ్లు, ప్లాస్టిక్ సంచులు మూటగట్టి వెంట తెచ్చుకోండి.

చివరగా పైలాన్ దగ్గర రెండు నిమిషాలు ఆగండి. పునాదిరాయి వేసినవారి పేరు అక్కడ ఉన్నది. మిగిలిన రాళ్లు మోసినవారి పేర్లలో ఒకటి మీ ఇంటి పేరు కావచ్చు. అది పిల్లలకు చెప్పవలసినది మీరే.